అమ్మకి లేని ఓటు

2023 మార్చి 13న మా నెల్లూరు జిల్లా కావలిలో ఎండ అప్పుడే మే నెల లెక్క ఉంది. పొద్దున్నే టిఫిన్ తినేసి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి యాడికిరా అంది. ఓటుకమ్మా అన్నా. ఏం ఓటు, నాకు చెప్పలేదే, అని చెంగుతో చేతులు తుడుచుకుంటా అప్పుడే చెప్పుల కోసం చూస్తోంది. చీర మార్చుకోవాలా వద్దా అని కూడా అడిగింది. ఇది ఆ ఓటు కాదమ్మా, గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఓటు, శాసన మండలికి, అదే కౌన్సిల్‌కి మెంబర్ని పంపేది, డిగ్రీ ఉన్నోళ్ళకే అని చెప్పా. ఒక నిమిషం అట్టా నిలబడింది. తర్వాత "అయితే నేను మనిషిని కాదా?" అంది. కోపంగా కాదు, నవ్వుతానే అంది, కానీ అడగాల్సింది అడిగేసింది.

మా అమ్మ ఐదో క్లాసు. డెబ్భై ఏళ్ళు. ఇందిరమ్మ కాలం నించి ఒక్క ఓటు మిస్ కాలేదు, సర్పంచి ఓటైనా, ఎంపీ ఓటైనా. పదిహేనేళ్ళు డ్వాక్రా గ్రూపు లెక్కలు రాసింది, బ్యాంకు మేనేజరు తప్పు చేస్తే పట్టుకునింది. ఆమెకి లేదు. నాకుంది. ఎందుకుంది అంటే నేను బీకాం మూడేళ్ళు చదివి (చదివి అంటే, సరే, పాసై) ఆ సర్టిఫికెట్ జిరాక్స్ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించి ఫారం 18 నింపి ఇచ్చా కాబట్టి. ఈ లిస్టు మామూలు ఓటర్ల లిస్టు కాదు, ఎన్నిక వచ్చిన ప్రతిసారీ మొదట్నించి కొత్తగా రాస్తారు, పోయినసారి ఉండేది కదా అంటే కుదరదు, మళ్ళీ ఫారం ఇవ్వాల్సిందే.

ఇంకో తమాషా మా వదిన. ఆమె టీచరు. ఆ రోజే టీచర్ల ఎమ్మెల్సీ ఓటు కూడా ఉంది. కానీ ఆమె ఎస్జీటీ, ప్రైమరీ స్కూల్లో. రాజ్యాంగం 171వ ఆర్టికల్ ప్రకారం సెకండరీ స్కూలుకి తక్కువ కాని చోట పాఠం చెప్పేవాళ్ళకే టీచర్ ఓటు. అంటే అఆలు నేర్పించేవాళ్ళు టీచర్ల లెక్కలోకి రారు, ఆ అఆలు వచ్చాక పిల్లల్ని తీసుకునేవాళ్ళు వస్తారు. మా వదిన ఈ మాటెత్తితే చాలు ఇప్పటికీ అగ్గి మీద గుగ్గిలం.

బూత్ లోపల సంగతి చెప్తా, చూడనోళ్ళకి తెలీదు. మిషను ఉండదు. దుప్పటంత కాగితం, దానిమీద పేర్ల వరస, ఎదురుగా ఖాళీ గళ్ళు. వాళ్ళిచ్చే వయొలెట్ రంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి, నీ జేబులో పెన్ను తీస్తే ఓటు చెల్లదు. టిక్కు పెడితే చెల్లదు. ఒకటి అని అక్షరాల్లో రాసినా చెల్లదు. అంకె వెయ్యాలి, 1, తర్వాత ఇష్టముంటే 2, 3. ఇంత చెప్పినా చదువుకున్నోళ్ళ ఓట్లలోనే చెల్లనివి కట్టలు కట్టలు తేలతాయి, కౌంటింగ్ రోజంతా జరిగినా తెగదు. మా అమ్మయితే ఆ 1 ముత్యం లెక్క వేసుండేది, గ్రూపు పాసుబుక్కుల్లో ఆమె అంకెలు చూశా నేను.

సరే ఆ రోజు సాయంత్రం నించి నాకు ఒకటే పురుగు. అసలు ఇట్టాంటి ఓటు యాడనించి వచ్చింది అని. తవ్వితే తవ్వితే తెలిసిందేంటంటే, ఇప్పుడు మనకి వింతగా కనపడే ఈ ఎమ్మెల్సీ ఓటే పాత రూపం. ఒకప్పుడు ఓటంటేనే ఇట్టా ఉండేది. అందరికీ ఓటు అనేది చివర్లో వచ్చిన కొత్త వింత.

మనం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కదా, నెల్లూరైనా ఒంగోలైనా. 1861 చట్టంతో మద్రాసులో శాసనాలు చేసే కౌన్సిల్ ఒకటి పెట్టారు, దాంట్లోకి బయటి మనుషుల్ని గవర్నరు పిలిచి కూర్చోబెట్టేవాడు, అంతే. మన తెలుగు వ్యాపారి గాజుల లక్ష్మీనరసు శెట్టి అట్టా 1863లో పొయ్యాడు. ఎవరో ఓటేస్తే పోలేదు, పిలిస్తే పొయ్యాడు. 1892లో ఇంకో చట్టం, దీంట్లో తెల్లోళ్ళ తెలివి చూడండి, ఎన్నిక అనే మాట రానీలేదు. జిల్లా బోర్డులు, మున్సిపాలిటీలు, యూనివర్సిటీ, వర్తక సంఘం ఇట్టాంటివి పేర్లు "సిఫార్సు" చేస్తాయి, గవర్నరు "నామినేట్" చేస్తాడు. జరిగేది ఎన్నికే, పేరు మాత్రం సిఫార్సు. పెళ్ళి చేసుకుని పిల్లని అత్తారింటికి పంపించి, ఇది పెళ్ళి కాదు ఊరికే చుట్టపు చూపు అన్నట్టు. 1909 మింటో మార్లే సంస్కరణలతో ఆ ముసుగు తీసేశారు, ఎన్నిక అని నోరారా అన్నారు, కానీ మామూలు మనిషికి సంబంధం లేదు, బోర్డు మెంబర్లు ఓటేస్తే పైకి మెంబరు వెళ్తాడు. జమీందార్లకి విడిగా సీట్లు, ముస్లింలకి విడిగా. జిల్లాలో రైతుకి, కౌన్సిల్లో మెంబరుకి మధ్యన ఎంతమంది మనుషులున్నారో లెక్కేసుకోండి.

ఇక్కడ మా ఇంటి కథ ఒకటి.

మా ముత్తాత వాళ్ళు ముగ్గురన్నదమ్ములు, ఉమ్మడి కుటుంబం. పొలం అందరిదీ, పట్టా మాత్రం పెద్దాయన పేరు మీద. 1919 చట్టం వచ్చాక 1920లో మద్రాసు ప్రెసిడెన్సీలో జనం నేరుగా ఓటేసే ఎన్నిక మొదటిసారి జరిగింది. జనం అంటే జనం కాదులెండి, పట్టా ఉండి శిస్తు కట్టేవాళ్ళు, టౌన్లలో పన్ను కట్టేవాళ్ళు, సైన్యంలో చేసి పింఛను తీసుకునేవాళ్ళు, ఇట్టా. నాలుగు కోట్ల పైన జనంలో ఓటర్లు పన్నెండు లక్షల చిల్లర. అంటే నూటికి ముగ్గురు. ఆ ముగ్గుర్లో మా పెద్ద ముత్తాత ఒకడు. పక్కనే అదే మడకకి అదే ఎద్దులు కట్టి అదే మట్టిలో దున్నిన ఇద్దరు తమ్ముళ్ళకి లేదు, ఎందుకంటే కరణం లెక్కల్లో వాళ్ళ పేర్లు లేవు.

ఇది నాయనమ్మ చెప్పిన మాట. ఆమె కోడలిగా వచ్చేనాటికి ఆ పెద్దాయన ముసలాయన అయిపొయ్యాడు, అయినా ఓటు మాటెత్తితే గుమ్మం దగ్గర కూర్చుని, బండి కట్టించుకుని పోయింది, తలపాగా చుట్టుకునింది, తమ్ముళ్ళిద్దరూ బండి తోలుకుంటా వచ్చి బయట చెట్టు కింద కూర్చునింది, లోపల తనని కుర్చీ వేసి కూర్చోబెట్టింది, అన్నీ చెప్పేవాడంట. నాయనమ్మకి ఆ కథలో నచ్చింది మాత్రం చెట్టు కింద కూర్చున్న తమ్ముళ్ళే. వాళ్ళలో చిన్నాయన మా ముత్తాత, ఆమెకి మామగారు. "ఎద్దులకి గడ్డేసి వచ్చాడంట మా మామ, అదే ఆయన ఓటు" అనేది.

ఆ 1920 ఎన్నికల్ని కాంగ్రెస్ బహిష్కరించింది, సహాయ నిరాకరణ అప్పుడే కదా, దాంతో బ్రాహ్మణేతరులు పెట్టుకున్న జస్టిస్ పార్టీ సునాయాసంగా గెలిచింది. పోలింగ్ కూడా నాలుగో వంతు మించలేదు. కౌన్సిల్లో మొత్తం 132 మంది, అందులో 98 మంది ఎన్నికైనోళ్ళు, 34 మంది గవర్నరు పెట్టుకున్నోళ్ళు. వీళ్ళలోంచి మంత్రుల్ని తీసుకున్నారు, పానగల్ రాజా మన తెలుగాయనే, 1921లో ప్రధానమంత్రి అయ్యాడు (అప్పట్లో రాష్ట్రంలోనూ ఆ మాటే). అయితే మంత్రుల చేతికిచ్చింది చదువు, వైద్యం, లోకల్ బోర్డులు లాంటివి. పోలీసు, శిస్తు, ఖజానా తెల్లోళ్ళ దగ్గరే. ద్వంద్వ ప్రభుత్వం అని పుస్తకాల్లో రాస్తారు. ఇంటి తాళాలు అత్త బొడ్లో పెట్టుకుని కోడలికి వంటిల్లు అప్పజెప్పడం, మా అమ్మకి అట్టా చెప్తేనే అర్థమైంది.

ఆడవాళ్ళ సంగతి కూడా అప్పుడే కదిలింది. లండన్లో చట్టం చేసినోళ్ళు ఆడవాళ్ళకి ఓటు మేమివ్వం, మీ కౌన్సిళ్ళే తేల్చుకోండి అని వదిలేశారు. మద్రాసు కౌన్సిల్ 1921లోనే తీర్మానం చేసేసింది, దేశంలో మొదటి ప్రావిన్సు మనదే. అందరూ మగాళ్ళే కూర్చుని చేశారు, ఒప్పుకోవాలి. కానీ ఆస్తి రూలు అట్టానే ఉంది కదా, ఆస్తి మగాళ్ళ పేరు మీద ఉంటే ఆడమనిషికి వచ్చిన ఓటు ఎక్కడ పెట్టుకోవాలి? ఇచ్చినట్టే ఇచ్చి ఇవ్వకపోవడం. అయినా ఆ తీర్మానం లేకపోతే డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి కౌన్సిల్లోకి, అక్కడ డిప్యూటీ ప్రెసిడెంటు కుర్చీలోకి వచ్చేది కాదేమో, ఆమె కూడా నామినేట్ అయ్యే వచ్చిందనుకోండి.

మన జిల్లా వాళ్ళకి గర్వంగా ఉండేది ఒకటి చెప్పి ముందుకి పోతా. 1930 నించి 1937 దాకా ఆ కౌన్సిల్ అధ్యక్షుడు, అంటే ఇప్పటి స్పీకర్ లెక్క, మన బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ రామచంద్రారెడ్డి. జస్టిస్ పార్టీ. ఆ పాత కౌన్సిల్ పోయి 1937లో కొత్త అసెంబ్లీ, దానికి పైసభగా ఇంకో కౌన్సిల్ వచ్చాయి, కాంగ్రెస్ మంత్రివర్గంలో స్థానిక పాలన మంత్రి బెజవాడ గోపాలరెడ్డి, ఆయనదీ బుచ్చిరెడ్డిపాళెమే. ఓటు ఎవురికి వచ్చినా రాకపోయినా కుర్చీ మాత్రం బుచ్చి దాటలేదని మా నాయన జోకేసేవాడు.

1937 ఎన్నిక 1935 చట్టం కింద జరిగింది. ఓటర్లు అరవై లక్షలు దాటారు. చదవడం రాయడం వచ్చినోళ్ళు, కొన్ని రకాల ఓటర్ల భార్యలు కొత్తగా లిస్టులోకి వచ్చారు. అసెంబ్లీ 215 సీట్లు. జనానికి అక్షరం రాదు కాబట్టి రంగు పెట్టెలు పెట్టారు, కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. కాంగ్రెస్ నాయకుడు సత్యమూర్తి ఊరూరా తిరిగి పసుపు పెట్టెలో వెయ్యండి, పసుపు పెట్టెలో వెయ్యండి అని ప్రచారం చేశాడు. పసుపు అంటే మన ఆడవాళ్ళకి వేరే చెప్పాలా, గడపకి రాసేది, కాళ్ళకి రాసేది. రంగు బాగా కలిసొచ్చింది అని నా అనుమానం. 159 సీట్లు వచ్చాయి. జస్టిస్ పార్టీ అయిపోయింది. ఓటరు లిస్టు కాస్త పెద్దదైతే చాలు రాజాలు, జమీందార్లు ఎట్టా ఎగిరిపొయ్యారో చూడండి. అందుకే కదా అన్నేళ్ళూ లిస్టుని అంత చిన్నగా పెట్టింది.

1952లో మా నాయనమ్మకి ఇరవై నాలుగేళ్ళు. అప్పటికి ఇరవై ఒకటి నిండితే చాలు, పట్టా లేదు పన్ను లేదు చదువు లేదు, మనిషైతే చాలు. ఉత్తరాదిన చాలా చోట్ల ఆడవాళ్ళు పరాయోళ్ళకి పేరు చెప్పక ఫలానా వాడి పెళ్ళాం, ఫలానా వాడి కూతురు అని రాయించుకుంటే సుకుమార్ సేన్, ఆయన మొదటి ఎన్నికల కమిషనరు, అట్టాంటివి ఒప్పుకోనని దేశం మొత్తంలో 28 లక్షల ఎంట్రీలు కొట్టేయించాడంట. మా నాయనమ్మ పేరు చెప్పింది. చెప్పేటప్పుడు పక్కన మగాళ్ళున్నారని గొంతు పెగల్లేదంట, అయినా చెప్పింది.

ఆ రోజు కాగితం మీద ఏమీ రాసేది లేదు, ముద్ర కొట్టేది లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనప పెట్టె, దాని మీద గుర్తు అంటించి ఉంటుంది, కాడెద్దులు, గుడిసె, కంకి కొడవలి, తెర వెనకాల ఇవన్నీ వరసగా. చీటీ ఇచ్చి లోపలికి పంపుతారు, నచ్చిన పెట్టెలో వేసి రావాలి. నాయనమ్మ పొయ్యి ముందు పెట్టెలన్నిటికీ దణ్ణం పెట్టిందంట, యాడ వెయ్యాలో తెలిసినా కానీ మిగతా పెట్టెల్లో ఎవురికి కోపమొస్తుందో అని. దేంట్లో వేసిందో చచ్చేదాకా చెప్పలేదు. తాత అడిగాడంట. చెప్పలేదు. ఇంట్లో తాతకి తెలీకుండా ఆమె దగ్గర ఉన్నవి రెండే, పోపుల డబ్బాలో చిల్లర, ఆ ఓటు.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి కదా. కాదు. 375 సీట్ల మద్రాసు అసెంబ్లీలో కాంగ్రెస్‌కి 152 వచ్చాయి, మెజారిటీ లేదు. మిగతా పార్టీల్లో చాలావరకు కలిసి ఐక్య ప్రజాస్వామ్య ఫ్రంట్ అని కట్టి మన ప్రకాశం పంతుల్ని నాయకుడిగా పెట్టుకున్నాయి. గవర్నరు శ్రీప్రకాశ ఏం చేశాడు, ఎన్నికల్లో నిలబడని రాజాజీని కౌన్సిల్‌కి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశాడు. అందరికీ ఓటొచ్చిన మొదటి ఎన్నికలో ముఖ్యమంత్రి ఓటు లేని తలుపులోంచి వచ్చాడు! 1863లో శెట్టిగారు పోయిన తలుపే అది, గొళ్ళెం కూడా మారలేదు. తర్వాత పొట్టి శ్రీరాములు ప్రాణం పోవడం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, ప్రకాశం ముఖ్యమంత్రి కావడం ఇవన్నీ అందరికీ తెలిసినవే.

ఆ తలుపు మన రాష్ట్రంలోనూ మూసి తీసి మూసి తీసి ఆడుతున్నారు. 1958లో కౌన్సిల్ పెట్టారు, 1985లో ఎన్టీఆర్ ఎత్తేశాడు, 2007లో వైఎస్ మళ్ళీ తెచ్చాడు, 2020 జనవరిలో రద్దు చెయ్యమని జగన్ ప్రభుత్వం అసెంబ్లీలో తీర్మానం చేసి 2021లో మళ్ళీ వెనక్కి తీసుకుంది. అక్కర్లేదు అనేవాడికి అందులో తన మెజారిటీ రాగానే అక్కరకొస్తుంది. పార్టీ ఏదైనా ఇంతే.

ఇంకొకటి. 1987లో నాకు పన్నెండేళ్ళు. అప్పుడు మండలాధ్యక్షుణ్ణి, జిల్లా పరిషత్ ఛైర్మన్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. గోడల నిండా గుర్తులు, రిక్షాల్లో మైకులు. 1994 చట్టంతో అది పోయింది, ఇప్పుడు ఎంపీటీసీలు ఎంపీపీని, జెడ్పీటీసీలు ఛైర్మన్ని ఎన్నుకుంటారు. దాంతో వచ్చిందే క్యాంపు. గెలిచిన మెంబర్లని బస్సెక్కించి ఏ తిరుపతికో బెంగుళూరుకో తీసకపొయ్యి, ఫోన్లు లాగేసుకుని, బిర్యానీలు పెట్టి ఓటు రోజుకి తెచ్చి దించుతారు. మా దూరపు చుట్టం ఒకాయన అట్టా వారం రోజులు పొయ్యొచ్చి నాలుగు కేజీలు పెరిగాడు, మా ఓటేమయింది మామా అంటే ఊటీ బాగుందిరా అన్నాడు. నాకు డైరెక్ట్ ఓటు మీద ఇంత పట్టింపు ఎందుకంటే ఇందుకే. పదివేల మందిని బస్సెక్కించలేరు కదా. పదిహేను మందినైతే ఒక్క బస్సు చాలు.

మా పిన్నమ్మ కొడుకు హాంకాంగ్‌లో షిప్పింగ్ కంపెనీలో చేస్తాడు, పదేళ్ళు దాటింది, ఏడేళ్ళుంటే పర్మనెంట్ రెసిడెంటు అవుతారు కాబట్టి అక్కడ వాడికి ఓటుంది. ఫోన్లో ఇదంతా చెప్తే, అన్నా ఇక్కడా సేమ్, లాయర్లకో సీటు, అకౌంటెంట్లకో సీటు, టీచర్లకో సీటు అన్నాడు. నిజంగానే. అక్కడ శాసన మండలి 1843 నించి ఉంటే ఎన్నిక అనేది మొదటిసారి పెట్టింది 1985లో, అదీ పరోక్షంగా. జనం నేరుగా ఓటేసింది 1991లో, అరవైలో పద్దెనిమిది సీట్లకి. తర్వాత ఇరవై, ఇరవై నాలుగు, 2004కి ముప్పై, 2012కి డెబ్భైలో ముప్పై అయిదు. మెట్టు మెట్టు ఎక్కిస్తన్నాం, ఆఖరికి అందరూ అంతే అన్నారు. 2021లో రూల్స్ మార్చి సభని తొంభై చేసి నేరుగా ఎన్నికయ్యేవి ఇరవైకి దించారు. పోలింగ్ నూటికి ముప్పై. నువ్వేశావా అంటే మాట మార్చి అక్కడ ఎండలెట్టా ఉన్నాయి అని అడిగాడు, నేను మళ్ళీ అడగలేదు.

మెల్లమెల్లగా ఇస్తాం అనే మాట వింటే నాకు అప్పట్నించి ఒళ్ళు మండుతుంది. మన కథ చదివితే ఏదో ప్లాను ప్రకారం 1861, 1892, 1909, 1919, 1935, 1952 అని మెట్లు కట్టినట్టుంటుంది. కట్టినోడికి మెట్లు తెలీదు, ప్రతిసారీ ఇదే చివరి మెట్టు, ఇంక పైకి రాకండి అనే కట్టాడు. చెట్టు కింద కూర్చున్న మా ముత్తాతకి తర్వాత ఇంకో మెట్టు ఉందని ఎవురు చెప్పారు? ఆయన 1949లో పొయ్యాడు. ఓటెయ్యకుండానే.

ఇదంతా ఒక రాత్రి అన్నాలు తినేటప్పుడు అమ్మకి చెప్పా, పెద్ద ముత్తాత పట్టా సంగతితో సహా. అమ్మ మజ్జిగ పోస్తా వినింది. నేనేదో ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయనుకున్నా.

"ఆ పట్టా పొలమంతా ఆయన కొడుకు పేకాటలో పోగొట్టాడు తెలుసునా? నువ్వు మాత్రం ఆ డిగ్రీ కాగితం యాడా తాకట్టు పెట్టబాక" అనింది.